గుమ్మం వైపు నుంచి ఎనిమిదో కాలు

"తాళం తియ్యను గాక తియ్యను," అన్నాడు అన్న.

షాపు తలుపుకి వీపు ఆనించి, చేతులు కట్టుకుని, ద్వారపాలకుడిలా నిలబడ్డాడు. భుజం వెనక తాళం కప్ప వేలాడుతోంది.

"నా మిషను లోపలుంది అన్నయ్యా."

"నాన్న రక్తం కూడా లోపలే ఉంది. నేలమీద. ఇంకా కడగలేదు."

మెట్టు మీద కూర్చుని భర్త బొటనవేలికి గుడ్డ చుడుతున్న తల్లి తల ఎత్తింది.

"రక్తం రక్తం అని వీధంతా వినపడేట్టు అరవకురా. గోరు పక్కన గీరుకుంది. ఉల్లిపాయలు తరిగేప్పుడు నాకు ఇంతకంటే ఎక్కువే తెగుతుంది. ఒక్కనాడైనా వంటింటికి తాళం వేశావా?"

"అమ్మా, నువ్వు మధ్యలోకి రాకు."

"నేను మధ్యలోకి రావడమేంట్రా? మీరిద్దరూ నాలోంచి వచ్చారు."

ఉడతకి నవ్వు వచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది. ఇంట్లో ఆమెని అందరూ ఉడతనే పిలుస్తారు. చిన్నప్పుడు చెక్క పొట్టులో దొర్లి దొర్లి, ఒంటినిండా పొట్టుతో వచ్చి కాళ్ళకి చుట్టుకునేదని తండ్రి పెట్టిన పేరు. ఇప్పుడు పెద్ద పెద్ద కంపెనీల మిషన్లు బాగుచేసే ఉద్యోగం చేస్తున్నా ఆ పేరు మాత్రం వదల్లేదు.

తండ్రి గుడ్డ చుట్టిన వేలు పైకెత్తి పట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూస్తున్నాడు.

ఆయన లేతు పనివాడు. కొయ్యని గిర్రున తిప్పి, ఉలితో చెక్కి, కుర్చీలకీ, బల్లలకీ, మంచాలకీ కాళ్ళు తీస్తాడు. ఆయన తీసిన కాలుకి పిక్క దగ్గర ఒక వంపు ఉంటుంది. ఆ వంపు చూసి ఇది ఫలానా షాపు కుర్చీ అని చెప్పేస్తారు తెలిసినవాళ్ళు. ఏడాదిగా ఆయన కుడి మణికట్టు వణుకుతోంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అందరికీ తెలుసని ఆయనకీ తెలుసు. ఆ మాట మాత్రం ఇంతవరకూ ఎవరి నోటా రాలేదు.

ఉడత కూడా అనలేదు. అనకుండా ఒక మిషను కట్టింది. పాత చిన్న లేతుకి రెండు మోటార్లు బిగించి, ఉలిని పట్టుకుని ముందుకీ వెనక్కీ నడిచే చిన్న బండి ఒకటి అమర్చింది. ఆ మోటార్లని నడిపేది అరచేతిలో పట్టే ఒక చిన్న కంప్యూటర్ బోర్డు. బోర్డు అంచున రెండు వరసల్లో, వరసకి ఇరవై చొప్పున, సన్నటి పిన్నులు. కాళ్ళు చేసుకు బతికే ఇల్లు కదా, పిన్నులని ఎవరూ పిన్నులనలేదు, కాళ్ళన్నారు. అన్ని కాళ్ళు చూసి అన్న ఆ బోర్డుకి జెర్రి అని పేరు పెట్టాడు. అది వెక్కిరింపే. కానీ పేరు కుదిరింది.

పొద్దున ఆ జెర్రి కొంప ముంచింది. కొస దాకా వచ్చి ఆగాల్సిన బండి ఆగలేదు. వెళ్ళి కొయ్యని పట్టుకు తిరిగే ఇనుప దవడలని గుద్దింది. ఉలి రెండు ముక్కలైంది. ఒక ముక్క వచ్చి తండ్రి వేలిని గీరుకుంటూ పోయింది.

"వేలు కాబట్టి సరిపోయింది," అన్నాడు అన్న. "కన్నయితే?"

అరచేత్తో తలుపు మీద చరిచాడు.

"మధ్యాహ్నానికి ట్రాలీ వస్తుంది. చెప్పేశాను. లేతు, మోటార్లు, నీ జెర్రి, అన్నీ ఎక్కించి పంపించేస్తున్నా. నీ కంపెనీలో పెట్టుకో, నడిరోడ్డు మీద పెట్టుకో. ఈ షాపులో మాత్రం ఉండదు."

"ఎవర్నడిగి చెప్పావు?"

"ఎవర్నడిగి ఆ ఉలి పెట్టావు దానికి?"

అదీ అసలు సంగతి. ఉడతకి తెలుసు. తల్లికీ తెలుసు. విరిగింది మామూలు ఉలి కాదు, తండ్రి సొంత ఉలి. ఎవర్నీ ముట్టుకోనివ్వడు. కొడుకు పదిహేనేళ్ళప్పుడు ఒకసారి చెయ్యి వేస్తే, ముంజేతి మీద చిత్రిక చెక్కతో ఒక్కటిచ్చాడు. అలాంటిది నిన్న సాయంత్రం తనంతట తనే తెచ్చి, ఒక్క మాటైనా అనకుండా మిషనుకి బిగించాడు.

"నేను పెట్టలేదు. నాన్నే పెట్టాడు."

"తెలుసు," అన్నాడు అన్న. గొంతు కొంచెం తగ్గింది. "నేను చూస్తూనే ఉన్నా."

తండ్రి వేలు దించి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ట్రాలీ వచ్చేదాకా టైమివ్వు," అంది ఉడత. "ఎందుకు ఆగలేదో చూస్తాను. అది చూడకుండా పంపిస్తే, నేను చేసింది తప్పని ఒప్పుకున్నట్టు. నేనొప్పుకోను."

"పొగరు."

"నీకు లేదా?"

"మీ ఇద్దరికీ ఎక్కణ్ణించి వచ్చిందో చూపించనా?" అంటూ తల్లి భర్త వంక గడ్డంతో చూపించి, లేచి కొడుకు దగ్గరికొచ్చింది. చెయ్యి చాపింది. "తాళం చెవి ఇటివ్వు."

"అమ్మా..."

"అది నా సామాను బీరువా తాళం. పొద్దున్నుంచీ బీరువా తలుపు మూతపడక, పంచదార డబ్బాకి చీమలు పట్టకుండా కాపలా కాస్తున్నా. నా తాళం నా ఇంట్లో నా తలుపుకే వేసి, నన్నే రావద్దంటావా?"

కొడుకు తాళం చెవి ఇచ్చాడు. ఇచ్చి, ఎవరి వంకా చూడకుండా వీధిలోకి వెళ్ళిపోయాడు.

* * *

షాపు పొడుగాటి గది. ఒక కొసన గుమ్మం, రెండో కొసన కిటికీ. గోడ పొడుగునా ఉలులు వేలాడుతుంటాయి. కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. వారం కింద, ఉడత కంపెనీ పని మీద వేరే ఊళ్ళో ఉన్నప్పుడు, గోడలకి రంగు వేశారు.

ఆమె ముందు మెయిన్ తీసేసింది. విరిగిన ఉలి ముక్కలు ఏరి గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది. మోటార్ల తీగలు విడదీసింది. అప్పుడు బోర్డుకి మాత్రం కరెంటిచ్చి, తన లాప్‌టాప్ తెర తెరిచింది.

తల్లి ఎత్తుపీట లాక్కుని కూర్చుంది.

"ఏంటి చూస్తున్నావు?"

"ఏ కాలికి ఏ పనో రాసి పెట్టాను కదా, అది చూస్తున్నా. దీని కాళ్ళకి పుట్టుకతో ఏ పనీ రాదమ్మా. మనం చెప్పాలి. నువ్వు చెప్పే కాలువి, నువ్వు వినే కాలువి అని. చెప్పే కాళ్ళు మోటారుకి నడు, ఆగు, వెనక్కి తిరుగు అని చెప్తాయి. వినే కాలు బండి కొసకి వచ్చిందా లేదా వింటుంది."

"మనింట్లో లాగే."

"మనింట్లో వినే కాలేది?"

"నేను," అంది తల్లి.

రాసిందంతా సరిగ్గానే ఉంది. ఒకటికి రెండుసార్లు చూసింది. ఎక్కడా తప్పు లేదు. బండి కొసకి రాగానే తగలాల్సిన స్విచ్చి కూడా బిగువుగానే ఉంది. దాన్ని వేలితో నొక్కింది. టక్‌మంది. తెర మీద ఉలుకూ లేదు పలుకూ లేదు.

మళ్ళీ నొక్కింది. స్విచ్చి చెప్తోంది. జెర్రి వినడం లేదు.

స్విచ్చి దగ్గర తీగ పట్టుకుని, వేలితో తడుముకుంటూ బోర్డు దాకా వచ్చింది. తీగ చివర బయటి వరసలో ఒక కాలికి గట్టిగా తొడిగి ఉంది. గట్టిగా, శ్రద్ధగా. లెక్కపెట్టింది. ఒకటో కాలికి గుర్తుగా చదరపు మచ్చ ఉన్న కొస నుంచి లెక్కపెడితే అది ఎనిమిదోది కాదు, పదమూడోది. ఆమె వినమని రాసింది ఎనిమిదో కాలికి. పదమూడో కాలికి ఏ పనీ చెప్పలేదు. పని చెప్పని వాడి చెవిలో ఎంత అరిస్తే ఏం లాభం?

"పదమూడా?" అనుకుంది. "పదమూడుకెందుకొచ్చింది?"

ఇటు కొస నుంచి లెక్కపెట్టింది. ఒకటి, రెండు... ఎనిమిది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. మెల్లగా తల తిప్పి గుమ్మం వైపు చూసింది.

ఈ షాపులో ఏది లెక్కపెట్టినా గుమ్మం వైపు నుంచే. ఎప్పుడో కరెంటు లేని రోజుల్లో వెలుగు గుమ్మంలోంచే వచ్చేది కాబట్టి అలా మొదలైంది. ఇప్పుడు గదినిండా దీపాలున్నా లెక్క మారలేదు. "మూడో ఉలి" అంటే గుమ్మం నుంచి మూడోది. "రెండో పలక" అంటే గుమ్మం నుంచి రెండోది. కుడి ఎడమలు ఈ ఇంట్లో ఎవరూ వాడరు. ఉడత బడిలో చేరిన కొత్తలో, కుడిచెయ్యి ఎత్తమంటే గుమ్మం వైపు చెయ్యి ఎత్తి నిలబడింది. వీపు తిప్పి నిలబెడితే రెండో చెయ్యి ఎత్తింది. ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

రంగు వేసిన రోజు అన్న ఫోన్ చేశాడు. లేతు జరుపుతుంటే ఒక తీగ ఊడిందే, ఎక్కడ పెట్టాలీ అన్నాడు. వంద పనుల్లో ఉండి, ఆలోచించకుండా, నోటికొచ్చిన మాట అనేసింది. "గుమ్మం వైపు నుంచి ఎనిమిదో కాలు. బయటి వరస."

అప్పటిదాకా అది నిజమే. చదరపు మచ్చ గుమ్మం వైపే ఉండేది. కానీ రంగు వేశాక, కిటికీ వెలుగు పడుతుందని లేతుని ఆ కొస ఈ కొస చేసి తిప్పి పెట్టారు. లేతుతోపాటు జెర్రీ తిరిగింది. తల అటు పోయింది, తోక గుమ్మం వైపు వచ్చింది. అన్న చెప్పినట్టే చేశాడు. వేలు పెట్టి లెక్కపెట్టి, ఒక్కటి కూడా తప్పకుండా, గుమ్మం వైపు నుంచి ఎనిమిదో కాలికే తొడిగాడు.

తల్లికి చెప్పింది. తల్లి అంతా విని, గుమ్మం వంక చూసింది.

"అయితే తీగ పెట్టింది వాడా?"

"వాడు నేను చెప్పినట్టే పెట్టాడమ్మా. లేతు తిప్పారని అప్పుడు నాకు తెలీదు. తిప్పితే లెక్క తిరగబడుతుందని వాడికి తెలీదు. తిరిగొచ్చాక స్విచ్చి ఒక్కసారి నొక్కి చూసుకోవలసింది. చూసుకోలేదు. అది మాత్రం నాదే."

"వాడికి చెప్తావా?"

ఉడతకి చెప్పాలనే ఉంది. పొద్దున్నుంచీ పడ్డ మాటలన్నీ నాలుక చివర ఉన్నాయి. వీధిలోకి పరిగెత్తి, "నాన్న వేలు కోసింది నా మిషను కాదు, నీ చెయ్యి!" అని ఒక్క అరుపు అరిస్తే చాలు. కడుపు చల్లబడుతుంది.

"నీ ఇష్టం," అంది తల్లి. "ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. మీ నాన్నకి దెబ్బ తగిలిందని వాడు అరిచాడు చూడు, అది కోపం కాదు. భయం. ఆ దెబ్బ తన చేతిలోంచే వచ్చిందని తెలిస్తే వాడు అరవడు. అరవని కోపాన్ని ఏం చెయ్యాలో నాకు తెలీదు. ముప్పై ఏళ్ళుగా మీ నాన్నతో వేగుతున్నా, ఇంకా తెలీలేదు."

ఉడత తీగ ఊడదీసింది. సరైన కాలికి పెట్టబోయి, ఆగింది.

"అమ్మా, తీగ సరైన చోట పెడితే ఇవాళ్టికి సరిపోతుంది. రేపు ఇంకెవరో తగిలి ఊడితే?"

"మళ్ళీ గుద్దుతుంది."

"ఎందుకు గుద్దుతుంది? ఆగు అని ఎవరూ చెప్పలేదు కాబట్టి. ఎవరూ ఏమీ అనకపోతే నడవమన్నట్టే అనుకుంటుంది. మౌనం అంగీకారం అనుకునేట్టు పెంచాను దీన్ని. మనింటి పిల్ల కదా."

తల్లి పైటతో నోరు మూసుకుని నవ్వింది.

"మార్చేస్తా," అంది ఉడత. స్విచ్చికి తొడిగిన తీగని పక్కనున్న రెండో ఇత్తడి రేకుకి మార్చింది. ఇప్పుడది తగలనంతసేపూ సరే, సరే, సరే అంటూ ఉంటుంది. తగిలితే ఆ మాట ఆగిపోతుంది. రెండో చివరని చదరపు మచ్చ నుంచి ఎనిమిదో కాలికి తొడిగి, తెర మీద ఆ కాలి గురించి రాసిన వరస తెరిచి కొత్తగా రాసింది. వినే కాలు. లోపలి నుంచి కొంచెం పైకి లాగి పట్టుకో, గాలివాటుకి ఊగకు. స్విచ్చి నిన్ను కిందికి లాగి పట్టుకున్నంతసేపే సరే అన్నట్టు. పైకి లేస్తే, ఎందుకు లేచిందని అడగకు, మోటారు ఆపెయ్. కొస వచ్చినా ఆపు. తీగ ఊడినా ఆపు. తెగినా ఆపు.

"ఇక నుంచి మౌనమంటే అంగీకారం కాదు దీనికి," అంది. "మౌనమంటే ఆగు."

"నాకు ఎదురుపడ్డ మొదటి తెలివైనది ఇదే," అంది తల్లి.

* * *

తండ్రి ఎప్పుడొచ్చాడో ఇద్దరూ చూసుకోలేదు. గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"దొరికిందా?"

"దొరికింది నాన్నా. తీగ తప్పు కాలికి ఉంది."

"ఎవరు పెట్టారు?"

ఉడత తల్లి వంక చూసింది. తల్లి పీట మీద గోరుతో గీతలు గీస్తోంది.

"నేనే."

తండ్రి లోపలికొచ్చాడు. వంగి బోర్డు వంక చూశాడు. గుమ్మం వంక చూశాడు. కిటికీ వంక చూశాడు. ఆయన ముఖంలో ఒక్క గీత కదిలింది.

"నువ్వు ఊళ్ళో లేవు," అన్నాడు.

ఉడత తెర వైపు తిరిగింది.

"వాడు లెక్కపెట్టాడు. టార్చి నేనే పట్టుకున్నా." గడ్డం పైకెత్తి అన్నాడు: "మా లెక్క తప్పు కాదు. నీ జెర్రి తిరగబడింది."

"అవును నాన్నా," అంది ఉడత. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మీ లెక్క తప్పు కాదు."

"వేసి చూపించు."

మోటార్ల తీగలు మళ్ళీ కలిపింది. ఉలి లేకుండానే బండిని నడిపింది. బండి గుర్రుమంటూ కదిలింది. సగం దూరం వెళ్ళాక తండ్రి చెయ్యి అడ్డం పెట్టి ఆమెని పక్కకి జరిపి, కాలికున్న తీగ తనే పట్టుకు లాగేశాడు.

బండి ఉన్నచోటే నిలబడిపోయింది.

ఆయన తీగ మళ్ళీ తొడిగాడు. ఎనిమిది లెక్కపెట్టాడు, ఈసారి చదరపు మచ్చ కొస నుంచి. పెదవులు కదిలాయి కానీ లెక్క బయటికి రాలేదు. బండి నడిచింది. మళ్ళీ లాగాడు. ఆగింది. ఇంకోసారి. చిన్నపిల్లాడు కొత్త బొమ్మతో ఆడుకున్నట్టు లాగుతూనే ఉన్నాడు.

"విరగ్గొడతారు," అంది తల్లి.

"ఇది వింటోంది," అన్నాడు ఆయన. ఆ ఒక్క మాటలో ఎంత మెప్పుందో ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకే తెలుస్తుంది.

గోడ దగ్గరికెళ్ళి ఇంకో ఉలి తీసుకొచ్చాడు. ఉడత బిగించబోతే ఇవ్వలేదు. తనే బిగించాడు. మణికట్టు వణికింది. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని బిగించాడు. తల్లి అటు తిరిగి గోడమీది రంగు చూస్తూ కూర్చుంది.

కొయ్య తిరిగింది. ఉలి తాకింది. సన్నటి పొట్టు చుట్టలు చుట్టలుగా రాలింది. ముందు తొడ, తర్వాత మోకాలి ముడి, తర్వాత పిక్క. చీలమండ దగ్గర సన్నబడి, కొసకి వచ్చి, స్విచ్చి తగిలి, బండి ఆగింది. దానంతట అదే.

తండ్రి లేతు మీది కొత్త కాలు తీసి చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళు మూసుకుని ఎడమ అరచేత్తో పై నుంచి కింది దాకా తడిమాడు. పిక్క దగ్గర చెయ్యి ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ ఆగింది.

"ఇది నా కాలు."

"నీ కాలే నాన్నా. వంటింట్లో నీ కుర్చీ కాలు కొలిచాను. నువ్వు పడుకున్నప్పుడు."

"ఎవరికీ రాదిది. ఈ వంపు."

"నీకు వచ్చు. దీనికి నేర్పాను. అంతే."

ఆయన కళ్ళు తెరిచి కూతురి వంక చూశాడు. అంతసేపు ఆయన ఎవరి వంకా చూడడు. ఉడత తల దించుకోలేదు. దించుకోవాల్సిన పని చెయ్యలేదు తను.

"పొద్దున్నుంచీ ఇద్దరూ కాళ్ళూ కాళ్ళూ అంటున్నారు," అంది తల్లి ముక్కు చీదుతూ. "చెప్పులు తెచ్చి పెట్టనా?"

అప్పుడే వీధిలో ట్రాలీ హారన్ మోగింది.

* * *

అన్న గుమ్మంలో ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలీదు. వెనక ట్రాలీవాడు, బరువులెత్తి అలవాటున్న మనిషి, భుజాన తాడు వేసుకుని లోపలికి తొంగిచూస్తున్నాడు.

"సామానేది బాబాయ్?" అన్నాడు తండ్రితో. "ఇదేనా?"

"ఇది రాదు," అన్నాడు తండ్రి. "ఇక్కడే ఉంటుంది."

ఉడత గెలిచింది. పొద్దున్నుంచీ దీనికోసమే కదా కొట్లాడింది. అన్న ముఖం చూశాక ఆ గెలుపు నోట్లోనే చప్పబడిపోయింది.

అన్న ట్రాలీవాణ్ణి దాటుకుని లోపలికొచ్చాడు. బోర్డు దగ్గర వంగాడు. తీగ ఇప్పుడెక్కడుందో చూశాడు. వేలితో లెక్కపెట్టాడు. అటు నుంచి ఒకసారి. ఇటు నుంచి ఒకసారి.

"నేనే పెట్టాను," అన్నాడు.

"అన్నయ్యా, తప్పు నా మాటది. లేతు తిప్పారని అడక్కుండా గుమ్మం వైపు అనేశాను."

"మాట నీదే. చెయ్యి నాది."

"చెయ్యి తప్పు చెయ్యలేదు. నేను చెప్పిందే చేసింది."

"నాన్న వేలు తెగింది కదా." నవ్వాడు. ఆ నవ్వు చూసి తల్లి లేచి నిలబడింది. "పొద్దున్నుంచీ నిన్ను తిడుతున్నాను. తెలిశాక కూడా ఒక్కరైనా వచ్చి చెప్పలేదు. నువ్వూ చెప్పలేదు. దయ తలిచారా నా మీద?"

"అదేం మాటరా," అంది తల్లి.

"దయ కాదు," అంది ఉడత. "అరుద్దామనే అనుకున్నాను. అమ్మనడుగు."

"అరవాల్సింది. అరిస్తే బావుండేది."

ట్రాలీవాడికి ఇదంతా ఏం అర్థం కాలేదు. తల గోక్కున్నాడు.

"అయితే బండి ఖాళీగా పోవాలా?"

"ఖాళీగా ఎందుకు పోతుంది?" అన్నాడు అన్న. "ఉండు."

కిటికీ పక్కన అతని పనిబల్ల ఉంది. తన చేత్తో తను చేసుకున్నది. ఒక్క మేకు లేకుండా, చెక్కలో చెక్క కూర్చి చేశాడు. ఇరవయ్యేళ్ళ వయసులో చేస్తే, చూడ్డానికి వచ్చినవాళ్ళు చుట్టూ తిరిగి మేకుల కోసం వెతికారు. ఆ రోజు తండ్రి బల్ల మీద పిడికిలితో ఒక్కసారి కొట్టి, "కదలదు," అన్నాడు. ఆ ఒక్క మాటా దాచుకుని ఇన్నేళ్ళు బతికాడు కొడుకు.

బల్లమీది రంపాలు, చిత్రికలు తీసి ఒక్కొక్కటే నేలమీద పెట్టాడు. విసిరెయ్యలేదు. అందుకే తల్లికి భయమేసింది.

"ఎక్కడికిరా?"

"బల్ల పట్టే చోటు ఎక్కడో ఉండకపోదు."

"అన్నయ్యా, పిచ్చి వేషాలెయ్యకు."

"మిషనుంది. దానికి నాన్న చెయ్యి వచ్చింది. నాకు రాలేదు." గొంతులో ఏ వేడీ లేదు. "నేను చేసే అతుకులు ఎక్కడైనా చేసుకోవచ్చు."

ఉడత తండ్రి వంక తిరిగింది. ఒక్క మాట చాలు. టార్చి నేనే పట్టుకున్నానురా అని ఒక్క మాట. ఇందాక తనకి చెప్పిన మాటే. ఆ మాట అంటే అన్న మోస్తున్న బరువులో సగం ఇటు దిగుతుంది.

"నాన్నా. చెప్పు."

"ఏంటి చెప్పేది?" అంది తల్లి. ఆమె చూపు అటూ ఇటూ తిరిగింది. కాసేపటి కింద విన్న మాటే అని తట్టి, ఆమె కూడా భర్త వంక చూస్తూ నిలబడిపోయింది.

ఆయన పెదవి విడింది. కొడుకు ముందు, పరాయివాడు చూస్తుండగా, నా లెక్కే తప్పిందని ఆయన ఎన్నడూ అన్నవాడు కాదు. చేతిలో ఆ కొత్త కాలు అలాగే ఉంది. దాన్ని మిషను మీద పెట్టాడు. మాట రాలేదు.

తనే చెప్పేద్దామని ఉడత నోరు తెరిచింది. తండ్రి చూశాడు. వద్దనలేదు. కానీ ఆ మాట తను చెప్తే అది తండ్రి మాట కాకుండా పోతుంది. మూసుకుంది.

అన్నా, ట్రాలీవాడూ బల్లని గుమ్మం దాటించారు. అన్న ట్రాలీ ఎక్కి పై కొస పట్టుకున్నాడు. బల్ల ముందు కాళ్ళు రెండూ ట్రాలీ మీదికెక్కాయి. వెనక రెండూ నేలమీదే ఉన్నాయి.

"ఒకళ్ళు చాలరు. బరువుంది," అన్నాడు ట్రాలీవాడు కింద నుంచి. "ఇంకో చెయ్యి కావాలి."

ఎవరూ కదల్లేదు.

తండ్రి మెట్లు దిగాడు. నడుచుకుంటూ వెళ్ళి ట్రాలీవాడి భుజం మీద చెయ్యేసి పక్కకి జరిపాడు. వంగి, ఆ కింది కొస రెండు చేతులా పట్టుకున్నాడు. గుడ్డ కట్టిన వేలు ఒక్కటే పైకి నిలబడి ఉంది. కుడి మణికట్టు వణుకుతోంది. వీధంతా చూస్తుండగా వణుకుతోంది. ఆయన దాచలేదు.

"వదులు నాన్నా," అన్నాడు అన్న పై నుంచి. "వేలు నలుగుతుంది."

ఆయన వదల్లేదు. బల్ల బరువులో సగం ఇప్పుడు ఆయన చేతుల్లో ఉంది. తలెత్తి కొడుకు వంక చూశాడు.

"నువ్వు పట్టు," అన్నాడు.

ఎత్తమనో, దించమనో చెప్పలేదు.